మెట్టసీమ - శక్తివనరులు

మానవ జీవనానికి నీరు, ఆహారం ఎంత అవసరమో, నేటి నాగరికతకు విద్యుచ్ఛక్తి అంత అవసరం. ఆ నీరు, ఆహారం సైతం విద్యుత్తుపైనే ఆధారపడిన ప్రాంతాలు కొన్ని ఉన్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాలు అట్టివి. సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిలో ఏడాది పొడవునా పారే పెద్దనది లేదు. వానలకు నిండే చెరువులు, భూగర్భజలాలు ఇక్కడి రైతుకు చిరకాలంగా ఆధారం.

పూర్వం రైతులు ఎద్దులను కట్టి కపిలతో బావినీటిని తోడేవారు. పశుబలమే నాటి శక్తివనరు. తరువాత ఆయిల్ ఇంజన్లు, విద్యుత్ మోటార్లు వచ్చాయి. నీటిమట్టం అడుగంటిన కొద్దీ బావుల స్థానాన్ని బోర్లు ఆక్రమించాయి. నేడు వెయ్యి అడుగుల బోర్లు అరుదు కావు. అంత లోతు నుండి వెయ్యి లీటర్ల నీటిని పైకి తేవాలంటే, మోటారులో ఏ నష్టమూ లేదనుకున్నా, ముప్పాతిక యూనిట్‌కు మించిన విద్యుత్తు కావాలి. మదనపల్లె మార్కెట్‌కు వచ్చే టమాటా గంపలో రైతు చెమటతో పాటు కంటికి కనిపించని ఈ విద్యుత్తు కూడా ఉంది.

ఈ విద్యుత్తు ఎక్కడి నుండి వస్తున్నది? ముద్దనూరు సమీపంలోని రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం వంటి చోట్ల బొగ్గును మండించి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరి బలంతో టర్బైన్లను తిప్పుతారు. బొగ్గు కోట్ల సంవత్సరాలలో ఏర్పడిన నిధి. ఒకసారి మండితే మరల రాదు. దాని నుండి వెలువడే కార్బన్ డయాక్సైడ్ భూతాపాన్ని పెంచుతుంది. భూతాపం పెరిగితే వానలు గతి తప్పుతాయి. వాననే నమ్ముకున్న మెట్టరైతుకు ఇంతకు మించిన ఆపద లేదు. 2025 నాటికి భారతదేశపు విద్యుదుత్పాదన సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, సహజవాయువులతో పనిలేని వనరులదే అయింది. అయినా వాస్తవంగా తయారయ్యే విద్యుత్తులో అధికభాగం నేటికీ బొగ్గు నుండే లభిస్తున్నది.

ప్రతి దేశమూ తన ప్రకృతి ప్రసాదించిన సంపదను బట్టి శక్తిమార్గాన్ని ఎంచుకుంటుంది. కొండలు, జలపాతాలు గల నార్వే తన విద్యుత్తులో అత్యధికభాగాన్ని నీటి నుండి పొందుతున్నది. అగ్నిపర్వతాల భూమి అయిన ఐస్‌లాండ్ నీటితో పాటు భూగర్భంలోని వేడిని ఉపయోగించుకుంటున్నది. 1973 నాటి చమురు సంక్షోభం ఫ్రాన్స్‌ను అణుశక్తి వైపు, డెన్మార్క్‌ను గాలిమరల వైపు నడిపించింది. డెన్మార్క్‌లో పల్లెవాసులు సహకార సంఘాలుగా ఏర్పడి గాలిమరలు నెలకొల్పుకున్నారు. నేడు ఆ దేశపు విద్యుత్తులో సగానికి పైగా గాలి నుండి లభిస్తున్నది. 1882లో లండన్‌లో బొగ్గుతో విద్యుత్తును తయారుచేసి ప్రజలకు అందించిన బ్రిటన్, 2024 సెప్టెంబరు 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసివేసింది.

మన మెట్టసీమకు ప్రకృతి ఇచ్చిన సంపద ఎండ. పంటను మాడ్చే ఆ ఎండయే నేడు పంటకు నీరందించగల సాధనమైంది. సిలికాన్‌తో చేసిన ఫలకంపై సూర్యకాంతి పడినప్పుడు అందులోని ఎలక్ట్రాన్లు కదలి విద్యుత్ప్రవాహం ఏర్పడుతుంది. ఇందులో మంట లేదు, పొగ లేదు. ఒక కిలోవాట్ ఫలకాలు మంచి ఎండలో రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. కదిరి ప్రాంతంలోని నంబులపూలకుంటలో 2016లో 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పనిచేయనారంభించింది. విద్యుత్ పంపిణీకి గ్రామీణ సహకార సంఘాన్ని నెలకొల్పుకున్న చరిత్ర గల కుప్పంలో, 2025 జనవరిలో నడిమూరు గ్రామం వేదికగా ఇంటి కప్పులపై సౌరఫలకాలు అమర్చే కార్యక్రమం మొదలైంది. ఈ పద్ధతిలో గృహస్థుడు విద్యుత్తును వాడుకోవడమే గాక, మిగిలినదానిని విద్యుత్ సంస్థకు ఇవ్వగలడు.

పాడి కూడా ఒక శక్తివనరే. పొట్టి ఆవుల జాతికి పేరుగాంచిన పుంగనూరు ప్రాంతంలో పేడకు కొదవ లేదు. రెండు ఘనమీటర్ల గోబర్‌గ్యాస్ తొట్టికి రోజుకు సుమారు 50 కిలోల పేడ చాలు. వంటకు వాయువు, పొలానికి ఎరువు రెండూ లభిస్తాయి. వంటింటి పొగ నుండి స్త్రీలకు విముక్తి కలుగుతుంది.

అయితే సౌరశక్తికి పరిమితులున్నాయి. దీపాలు వెలిగించవలసిన వేళకే సూర్యుడు అస్తమిస్తాడు. కనుక పగటి విద్యుత్తును నిల్వచేయాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో వలె నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదలి విద్యుత్తును పొందడం అందుకు ఒక మార్గం. అంతకంటె ముఖ్యమైన పరిమితి నీటిది. సూర్యకాంతి ఉచితమని పగలంతా మోటార్లు నడిపితే, మిగిలిన భూగర్భజలం కూడా హరించుకుపోతుంది. హంద్రీ-నీవా కాలువ ద్వారా 2025లో కుప్పానికి చేరిన కృష్ణాజలాలు సైతం శక్తి వెచ్చించి తెచ్చినవే. శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అనగా 270 మీటర్లు. అక్కడి నుండి ఈ పీఠభూమికి నీరు ఎక్కాలంటే ఎన్నో చోట్ల ఎత్తిపోయక తప్పదు.

కావున శక్తివనరును మార్చుకోవడంతోనే బాధ్యత తీరదు. బిందుసేద్యం, చెరువుల పునరుద్ధరణ, తక్కువ నీటితో పండే పంటలు సౌరఫలకాలకు తోడు కావాలి. సూర్యుడు తరగని నిధి, నీరు తరిగే నిధి. మొదటిదాన్ని వినియోగించుకుంటూ రెండవదాన్ని కాపాడుకున్ననాడే మెట్టసీమ రైతు జీవితంలో నిజమైన వెలుగు నిండుతుంది.