సగం అమెరికన్, సగం కెనడియన్: ఎటోబికో పాత కార్ల కథ

టొరంటోకి పడమటి పక్కనున్న ఎటోబికో పేరుని ఇంగ్లీషులో రాసినప్పుడు చివర ఒక 'కె' వస్తుంది. రాస్తారు గాని పలకరు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "ఎటోబికోక్" అని చదివి నాలిక కరుచుకోవడం మామూలే. ఇక్కడి పాత కార్ల సంగతీ దాదాపు ఇంతే. పైకి కనిపించే పేరు ఒకటి, లోపలి సరుకు ఇంకొకటి. వేసవి సాయంత్రాల్లో బానెట్లు ఎత్తి వరసగా నిలబెట్టిన పాంటియాక్‌లనీ, మీటియర్‌లనీ చూసి మనం "అబ్బ, అమెరికన్ కార్లు!" అంటాం. వాటిని ఏళ్ళ తరబడి సాకినవాళ్ళు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోరు. అందులో సగం కెనడాది అంటారు. ఆ సగం ఏమిటో ఈసారి చూద్దాం. మన తాతల కాలపు మద్రాసు కార్ల కథ కూడా అందులోనే ఉంది.

జంతికల గొట్టంలో బిళ్ళ మార్చినట్టు

1960ల మొదట్లో అమెరికా నుంచి కెనడాలోకి వచ్చే కార్ల మీద 17.5 శాతం సుంకం ఉండేది. ఆ సుంకం తప్పించుకోవడానికి డెట్రాయిట్ కంపెనీలు సరిహద్దుకి ఇవతల, ఒంటారియోలో, సొంత ఫ్యాక్టరీలు నడిపేవి. ఆషవాలో జనరల్ మోటార్స్, విండ్సర్‌లో క్రైస్లర్, 1953 నుంచి ఓక్‌విల్‌లో ఫోర్డ్. చిక్కల్లా కెనడా మార్కెట్ చిన్నది కావడమే. అమెరికాలో అమ్మే ప్రతి మోడల్‌కీ ఇక్కడ వేరే ఇంజనూ, వేరే ఛాసీ తయారుచెయ్యాలంటే గిట్టుబాటు కాదు.

అందుకని ఒక ఉపాయం పన్నారు. కెనడా పాంటియాక్‌కి పైన రేకు, ముఖం పాంటియాక్‌వి. కింద ఛాసీ, ఇంజను షెవర్లేవి. జంతికల గొట్టంలో బిళ్ళ మార్చినట్టన్నమాట. పిండి అదే, ఆకారం వేరు. 1959లో అమెరికన్ పాంటియాక్ చక్రాలని వెడల్పుగా జరిపి, ఆ వెడల్పునే గొప్పగా ప్రచారం చేసుకున్నారు. అదే ఏడు కెనడా పాంటియాక్‌కి కింద షెవర్లే ఛాసీ కావడంతో చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు కనబడేవి. ఇక్కడివాళ్ళు ఈ సంకరజాతికి ముద్దుగా "షెవియాక్" అని పేరు పెట్టుకున్నారు. డాడ్జ్ ముఖం తగిలించుకున్న ప్లిమత్ "ప్లాడ్జ్" అయింది.

ఫోర్డ్ పద్ధతి ఇంకా తమాషా. మెర్క్యురీ డీలరు దగ్గర చవక కారు ఉండాలి కాబట్టి ఫోర్డ్‌కే ముఖం మార్చి "మీటియర్" అన్నారు. ఫోర్డ్ డీలరు దగ్గర కాస్త ఖరీదైనది ఉండాలి కాబట్టి మెర్క్యురీని "మోనార్క్" చేశారు. చిన్న ఊళ్ళో ఒక్క డీలరే ఉండే రోజుల్లో ఈ లెక్క బాగానే కుదిరింది.

1965 జనవరి 16న కెనడా ప్రధాని పియర్సన్, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశారు. కంపెనీలు కొన్ని షరతులు పాటిస్తే చాలు, సరిహద్దు దాటే కార్లకీ, విడిభాగాలకీ సుంకం పోయింది. ఇక్కడి ఫ్యాక్టరీలు కొన్ని మోడల్స్‌నే ఎంచుకుని రెండు దేశాలకూ తయారుచెయ్యడం మొదలుపెట్టాయి. కెనడాకే ప్రత్యేకమైన పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. బోమాంట్ 1969తో సరి, అకేడియన్ 1971తో సరి.

ఎటోబికో కూడా ఈ కార్లని కొని తిరగడంతో ఊరుకోలేదు. న్యూ టొరంటోలో 1917 నుంచి 1987 దాకా గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీ నడిచింది. బ్రౌన్స్ లైన్ మీద 1942లో కట్టిన అల్యూమినియం పోత ఫ్యాక్టరీని 1964లో క్రైస్లర్ కొనుక్కుంది. అంటే ఈ పాత కార్లలో కొన్నిటి టైర్లు, కొన్నిటి పోత భాగాలు ఈ పేటలోనే పుట్టాయి.

ఒంటారియో నుంచి మద్రాసుకి

ఇక మన సంగతి. 1904లో డెట్రాయిట్ నదికి ఇవతలి ఒడ్డున, వాకర్‌విల్‌లో, ఫోర్డ్ కెనడా మొదలైంది. బ్రిటన్, ఐర్లాండ్ తప్ప మిగతా బ్రిటిష్ సామ్రాజ్యంలో ఫోర్డ్ కార్లు అమ్ముకునే హక్కు దానిది. 1926లో ఏర్పడిన ఫోర్డ్ ఇండియా కూడా ఈ కెనడా కంపెనీకి పిల్లే. పెట్టెల్లో వచ్చిన సామానుని బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో బిగించేవారు. కుడి పక్క స్టీరింగు ఉన్న ఫోర్డ్‌లు ఒంటారియోలో తయారవడానికి కారణం ఇదే. ఆ రోజుల్లో మన జమీందార్లూ, పేరున్న ప్లీడర్లూ గొప్పగా చెప్పుకున్న "అమెరికా కారు" చాలాసార్లు కెనడా కారే!

జంతికల బిళ్ళ విద్య మన దగ్గరా నడిచింది. 1950లలో బొంబాయి ప్రీమియర్ కంపెనీ ఒకే క్రైస్లర్ కారుని డాడ్జ్, ప్లిమత్, డిసోటో అని మూడు పేర్లతో బిగించి అమ్మింది. హిందుస్థాన్ మోటార్స్ స్టూడిబేకర్లు బిగించింది. ఆ స్టూడిబేకర్ కంపెనీ ఆఖరి కారు 1966 మార్చిలో బయటికొచ్చింది ఎటోబికోకి గంట దూరంలో ఉన్న హామిల్టన్ నుంచే. అప్పటికి సొంత ఇంజన్ల తయారీ ఆగిపోయి, ఒంటారియోలో జనరల్ మోటార్స్ పోసిన ఇంజన్లు పెట్టుకుంది. దేశంలోనే తయారీ జరగాలని 1953లో భారత ప్రభుత్వం పట్టుబట్టాక ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకున్నాయి.

తీపి గుర్తులు, చేదు గుర్తులు

ఈ కార్లు నడిపినవాళ్ళని కదిపితే ముందు వచ్చేది చలికాలపు కథే. చలికి పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకని కార్బొరేటర్‌లోకి వెళ్ళే గాలిని చోక్ బిగబట్టి, పెట్రోలు పాలు పెంచుతుంది. పెడల్ ఎన్నిసార్లు తొక్కాలో ఒక్కో కారుకి ఒక్కో లెక్క. ఒక తొక్కు ఎక్కువైతే ప్లగ్గులు తడిసి, పెట్రోలు వాసన గుప్పుమనేది. ఇక పావుగంట ఆగాల్సిందే. ఆ లెక్క తెలిసినవాళ్ళు ఇంట్లో ఒక్కరే ఉండేవారు. కారు ఆయన మాటే వినేది!

కొన్ని కార్ల వైపర్లు ఇంజను పీల్చే గాలితో నడిచేవి. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ గట్టిగా తొక్కితే ఆ పీల్పు తగ్గి, సరిగ్గా జోరువానలోనే వైపర్లు నిలబడిపోయేవి. గేరు కర్ర స్టీరింగు పక్కన, లైట్ల డిప్పర్ కాలికింద. ముందు సీటు సోఫాలాగా ముగ్గురికి సరిపోయేది.

అయితే ముచ్చట వేరు, భద్రత వేరు. 1960లలో చాలా ఏళ్ళపాటు ఎక్కువ కార్లకి బ్రేకు నూనె నాలుగు చక్రాలకీ ఒకే దారిలో వెళ్ళేది. ఒకచోట కారితే అన్ని బ్రేకులూ పోయినట్టే. ఢీకొంటే స్టీరింగు కడ్డీ ముడుచుకోకుండా గుండెకి తగిలేది. ఈ బండిలో పిల్లల్ని ఎక్కించుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఉప్పు, మరుపు

ఇక్కడ పాత కారుకి పెద్ద శత్రువు రోడ్డు మీద చల్లే ఉప్పు. ఉప్పునీరు విద్యుత్తుని బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి ఇనుము తుప్పు పట్టే రసాయన చర్య జోరందుకుంటుంది. ఛాసీ లోపలి నుంచి తినేసి, పైకి కనిపించేసరికి పని అయిపోతుంది. మిగిలిన బళ్ళు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా షెడ్డులో నిద్రపోయేది అందుకే. పెట్రోలూ మారింది. కవాటాల పీటలు అరగకుండా కాపాడే సీసం 1990లో పోయింది. ఒంటారియోలో 2007 నుంచి 5 శాతం, 2020 నుంచి 10 శాతం ఎథనాల్ వచ్చి చేరింది. అది పాత రబ్బరు గొట్టాలని పాడుచేస్తుంది.

తుప్పుని మించిన శత్రువు మరొకటుంది, అది మరుపు. 1963 పాంటియాక్‌కి అమెరికా కేటలాగ్ చూసి సైలెన్సర్ గొట్టం తెప్పిస్తే, కెనడా బండికి అది పట్టదు. షెవర్లేది అడగాలి. కొన్ని భాగాలకేమో పాంటియాక్‌దే కావాలి. ఏది ఏ బండిదో తెలిసినవాళ్ళకి వయసు మీద పడుతోంది. ఇంజను మీది పోత నంబరు చదివి సంగతి చెప్పగలిగే మనిషి పోతే, నిక్షేపంలాంటి కారు కూడా ఎవరికీ అర్థం కాని ఇనుపముద్దే. 30 ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు చెయ్యని బండికి ఒంటారియో ప్రభుత్వం చారిత్రక వాహనం నంబరు ప్లేటు ఇస్తుంది. ప్లేటు ఇవ్వగలదు గాని జ్ఞాపకం ఇవ్వలేదు కదా!

2025లో అమెరికా విదేశీ కార్ల మీద 25 శాతం సుంకం వేసినప్పుడు ఒంటారియో ఫ్యాక్టరీ ఊళ్ళన్నీ ఉలిక్కిపడ్డాయి. సరిహద్దు సుంకం ఏ కారు ఎక్కడ పుట్టాలో ఎలా నిర్ణయిస్తుందో షెవియాక్‌లని చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

చివరగా చిన్న పని. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఇంట్లో పాత ఆల్బమ్ తిరగెయ్యండి. తాతగారో, వాళ్ళ తెలిసినవాళ్ళో ఫోర్డ్ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఉంటే స్టీరింగు ఏ పక్కనుందో చూడండి. కుడి పక్కనుంటే, మీకన్నా ముందే మీ ఇంటికి ఒంటారియోతో చుట్టరికం కలిసిందేమో! ఆ బండి ఎవరిదో, ఎవరు నడిపేవారో చెప్పగలిగే పెద్దలు ఉండగానే అడిగి, ఫోటో వెనక రాసిపెట్టండి.