దీపమునకు వేషము

కర్నూలు–కడప రహదారిపై నున్న దువ్వూరులో, కె.సి. కాలువ నీటితో పసుపు పండించు నొక యింటి పిల్లవాడు సెలవునాడు అరుగుమీద గూర్చుండి, రెండు సెల్లులను, ఒక యెఱ్ఱ ఎల్‌ఈడీ బల్బును, విరిగిన ఆటకారులోని మోటారును తీగలతో గలిపి, చెప్పుల పెట్టెలో నమర్చెననుకొనుడు. బల్బు వెలిగినను, పొలమునుండి వచ్చిన పెద్దలకు గనబడునది తీగల చిక్కు మాత్రమే. ఆ పెట్టెకే రంగుకాగితము లంటించి, అట్టముక్కలతో చక్రములు గోసి, కొబ్బరిపుల్లలతో శిఖరము నిలిపి, దానిని తేరుగా దీర్చినచో ఇంటిల్లిపాదియు చుట్టు మూగుదురు.

అలంకారమనగా పని ముగిసిన పిదప పైన బూయు రంగని తలంచువారు మన తోలుబొమ్మలాటను స్మరింపవలెను. మేకతోలును వెలుతురు చొచ్చునంత పలుచగా గీకి, రంగులద్ది, ఉలితో రంధ్రములు గొట్టి, తెరవెనుక దీపము నుంచినపుడుగదా ఆ బొమ్మకు ప్రాణము వచ్చెడిది! దీపము లేనిదే రంగు లేదు. రంధ్రము లేనిదే బొమ్మ మెడలోని నగ మెఱయదు. కడప సీమకు పొరుగున, ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట కళాకారులు, ఆటకు ఆదరణ తగ్గిన కాలమున, ఆ తోలుతోనే విద్యుద్దీపములకు గొడుగులు చేసి తమ విద్యను నిలుపుకొనుచున్నారు. దువ్వూరు బాలుడు అట్టపెట్టెకు సూదితో చిల్లులు పొడిచి లోపల ఎల్‌ఈడీ నుంచినపుడు ఆ విద్యకే ఓనమాలు దిద్దుచున్నాడు.

అలంకరించుటలోనే శాస్త్రమును గలదు. 1.5 వోల్టుల సెల్లులు రెంటిని వరుసగా గలిపినచో 3 వోల్టులు వచ్చును. ఎఱ్ఱ ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలును గనుక నడుమ 100 ఓముల రెసిస్టరు నుంచవలెను. మెఱపుకై అంటించిన అల్యూమినియము కాగితము రెండు తీగలను దాకెనా, విద్యుత్తు అడ్డదారిని బాఱి సెల్లు వేడెక్కును. వాహకమన నేమో, బంధకమన నేమో పిల్లవానికి వ్రేళ్లకే తెలియును. పసుపును నీట గలిపి కాగితమునకు బూసి, ఆఱిన పిదప సబ్బునీటితో ముగ్గు వేసినచో గీతలు ఎఱ్ఱబాఱును. వేఱు రంగు కొననక్కఱలేదు. సెల్లులు మార్చుటకు వెనుక నొక తలుపు విడువవలెను. బొత్తాము సెల్లులను మాత్రము చిన్నపిల్లల కందనీయరాదు. మ్రింగినచో 2 గంటలలోనే అన్నవాహికను గాల్పగలవు.

ఇట్టి ప్రయత్నములకు ప్రభుత్వమును తోడ్పడుచున్నది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ పాఠశాలలకు ప్రయోగశాలల నిచ్చినది. ఇన్‌స్పైర్ మనక్ పథకము ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయల నొసగుచున్నది. ప్రభుత్వ మీయలేనిది ఇంటివారి యోర్పు. కావున తల్లిదండ్రులారా, అంగడిలో సిద్ధముగా దొరకు నమూనాను కొనితెచ్చి పిల్లవాని చేతికీయకుడు. వాడు వంకరగా గోసిన చక్రమును సరిదిద్దబోకుడు. చెప్పుల పెట్టెయు, జిగురును, రంగుకాగితమును ముందుంచి, ఈ మధ్యాహ్నము వాని ప్రక్కన గూర్చుండుడు.