పండుగ మైదాకు – ఆలస్యంగా లేచే పొక్కులు

పండుగ నెలవంక కనిపించిన రాత్రి తిరుపతి, చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె వీధుల్లో ఆడపిల్లల అరచేతులు మైదాకుతో ఎర్రబారుతాయి. పూర్వం పెరటి చెట్టు ఆకును రోట్లో నూరి పెట్టుకునేవారు. నేడు అంగళ్లలో కోన్లు దొరుకుతున్నాయి. వాటిలో గంటలోపే నల్లగా పండేవి కూడా ఉన్నాయి. అలాంటివి పెట్టుకున్న కొందరికి పండుగ ముగిసిన ఒకటి రెండు రోజులకు దురద మొదలై, వేసిన పూలతీగ ఆకారంలోనే పొక్కులు లేస్తాయి. “పోయిన పండుగకూ ఇదే పెట్టుకున్నాను, అప్పుడేమీ కాలేదే!” అని వారు ఆశ్చర్యపోతారు. నింద తిన్న కూర మీదికో, దిష్టి మీదికో పోతుంది.

మైదాకులోని లాసోన్ అనే పదార్థం చర్మానికి నారింజ, ఎరుపు రంగులనిస్తుంది. దానివల్ల అలర్జీ కలగడం అరుదు. త్వరగా నల్లబడే కోన్లలో తరచు కలిపేది పారాఫినైలిన్‌డయమిన్, అంటే పి.పి.డి. ఇది తలకు వేసే రంగుల్లో వాడే రసాయనం. ఐరోపా సమాఖ్య చట్టం తలరంగులో సైతం దీనిని 2 శాతానికి మించనివ్వదు. చర్మంపై చిత్రించడానికి అసలే అనుమతించదు.

ఈ రసాయనపు అణువు అతి చిన్నది. చర్మపు పైపొరను దాటి లోపలి ప్రోటీన్లకు అంటుకుంటుంది. అక్కడ కాపలా కాసేవి లాంగర్‌హాన్స్ కణాలు. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ వైద్య విద్యార్థిగా ఉండగానే వాటిని వర్ణించాడు. ఇవీ, కింది పొరలోని ఇటువంటి కణాలూ ఆ కొత్త పదార్థాన్ని తీసుకుని శోషరస నాళాల వెంట ప్రయాణించి, చంకలోని గ్రంథులకు చేరుతాయి. అక్కడ టి-కణాలకు దానిని శత్రువుగా పరిచయం చేస్తాయి. ఈ శిక్షణకు దాదాపు 10 నుంచి 15 రోజులు పడుతుంది. అప్పటికి చేతి రంగు వెలిసిపోవడం మొదలవుతుంది. అందుకే మొదటిసారి సాధారణంగా ఏమీ కనబడదు.

అయితే శిక్షణ పొందిన టి-కణాలు శరీరమంతా సంచరిస్తూనే ఉంటాయి. మళ్లీ అదే రసాయనం తగిలినప్పుడు చర్మం ప్రమాద సంకేతాలు వెలువరిస్తుంది. అక్కడి రక్తనాళాల లోపలి గోడలపై పట్టునిచ్చే అణువులు మొలుస్తాయి. రక్తంలో పోతున్న టి-కణాలు ఆ గోడ వెంట దొర్లి, నెమ్మదించి, అతుక్కుని, సందుల్లోంచి చర్మంలోకి దూరుతాయి. ఈ ప్రయాణానికీ, ఆపై వాపు పెరగడానికీ ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. పొక్కులు ఆలస్యంగా లేవడానికి కారణమిదే.

గాయం మానినా ఆ జ్ఞాపకం ఏళ్ల తరబడి, ఒక్కోసారి జీవితాంతం నిలుస్తుంది. చిన్ననాడు నల్లకోను పెట్టించుకున్న బిడ్డకు పెద్దయ్యాక తలరంగు, కొన్ని బట్టల రంగులు, మొద్దుబార్చే కొన్ని మందులు కూడా సరిపడకపోవచ్చు. కనుక వైద్యుని వద్ద ఈ సంగతి తప్పక చెప్పాలి. “కొంచెం పూసి చూద్దాం” అనుకోవడమూ క్షేమం కాదు; ఆ కొంచెమే తొలి పాఠం కావచ్చు.

పొక్కులు లేస్తే ఆ చోటును నీటితో కడిగి, సున్నం వంటివి పూయక, చర్మ వైద్యుని చూడాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి నెరసిన జుట్టును చూసి, దాని రంగు మార్చమనీ, నలుపును మాత్రం వదలమనీ దైవప్రవక్త (స) ఆదేశించారని సహీహ్ ముస్లింలో ఉంది. ఆ మాట తలజుట్టును గురించినదే. అయినా శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు అన్నది ప్రతి అలంకరణకూ వర్తించే విషయం. ఒక రాత్రి నలుపు కోసం బిడ్డల చర్మానికి జీవితకాలపు శత్రుత్వాన్ని నేర్పవద్దని తల్లులకు మా మనవి. పెరటి మైదాకు పండడానికి ఒక రాత్రి పట్టవచ్చు. ఆ ఓపికే ఆ చేతులకు రక్షణ.