అతిథికి తెరచిన గుమ్మం

ప్రవేశిక

ఒకే కంప్యూటర్‌పై రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏకకాలంలో పనిచేయడం నేడు సర్వసాధారణం. అయితే ఆ రెండింటి నడుమ ఫైళ్లను పంచుకోవడం పైకి కనిపించేంత సులభం కాదు. దాని వెనుక ఉన్న సూత్రాన్ని, అందుకు వాడుకలో ఉన్న పద్ధతులను, పాటించవలసిన జాగ్రత్తలను ఈ పాఠం వివరిస్తుంది.

యంత్రంలో యంత్రం

ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను రూపొందించాడు. దానిని నేర్చుకోగోరే విద్యార్థి తన కంప్యూటర్‌లోని విండోస్‌ను తొలగించనక్కరలేదు. ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ ఆ కంప్యూటర్‌లోనే మరొక కంప్యూటర్‌ను కల్పిస్తుంది. ప్రాసెసర్, మెమరీ, హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు మొదలైనవన్నీ ప్రోగ్రామ్ చేత అనుకరింపబడతాయి. ఫ్రాన్స్ దేశీయుడైన ఫాబ్రిస్ బెల్లార్డ్ రచించి 2003లో విడుదల చేసిన క్యూఎమూ ఇట్టి ప్రోగ్రామ్‌లలో ప్రసిద్ధమైనది. ఆయనే 2011లో ఇంటర్నెట్ బ్రౌజర్ లోపలే లినక్స్ నడిచేటట్లు చేసి చూపాడు.

ఇక్కడ అసలు యంత్రాన్ని ఆతిథేయి అనీ, దానిలో నడిచే లినక్స్‌ను అతిథి అనీ వ్యవహరిస్తారు. ఈ అతిథికి తాను మరొకరి ఇంట ఉన్నాననే స్పృహ సాధారణంగా ఉండదు. తన డిస్క్ నిజమైన డిస్కే అని నమ్ముతుంది. వాస్తవానికి అది ఆతిథేయి వద్ద ఉన్న ఒక పెద్ద ఫైలు మాత్రమే. దానినే డిస్క్ ఇమేజ్ అంటారు.

ఒక చిట్టా – ఇద్దరు గుమాస్తాలు

అతిథి డిస్క్ అంతా ఆతిథేయి వద్ద ఒక ఫైలుగా ఉన్నప్పుడు, ఆ ఫైలును నేరుగా తెరచి కావలసినవి అందులో పెట్టవచ్చును గదా అని ఎవరికైనా తోచవచ్చు. అతిథి నిద్రలో ఉన్నప్పుడు, అంటే పూర్తిగా మూసివేసి ఉన్నప్పుడు, అలా చేయడంలో దోషం లేదు. అతిథి పనిచేస్తుండగా అలా చేస్తే మాత్రం అనర్థం తప్పదు.

దీనికి కారణం తెలుసుకోవాలి. ఒక దుకాణంలో ఒకే చిట్టా ఉన్నదనుకుందాం. ఇద్దరు గుమాస్తాలు ఉదయమే దానికి చెరొక నకలు తీసుకొని, ఎవరి గదిలో వారు కూర్చొని పద్దులు రాసుకొంటారు. సాయంత్రం ఇద్దరూ వచ్చి అసలు చిట్టాలో వాటిని ఎక్కిస్తారు. ఖాళీగా ఉన్నదని మొదటివాడు తలచిన పుటలోనే రెండవవాడు తన పద్దు రాస్తాడు. ఒకరి లెక్క మరొకరి లెక్కను చెరిపివేస్తుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. అయినా చిట్టా పాడయింది.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేగం కోసం డిస్క్‌లోని వివరాలను మెమరీలో నకలుగా ఉంచుకొంటుంది. లినక్స్‌లో విరివిగా వాడే ఎక్స్ట్4 వంటి ఫైల్ సిస్టమ్‌లు డిస్క్‌కు యజమాని ఒక్కరే అన్న నమ్మకంతో నిర్మింపబడినవి. ఇద్దరు యజమానులు ఒకేసారి రాస్తే ఒక్క ఫైలు కాదు, మొత్తం డిస్క్ ఇమేజే చదవడానికి వీలులేకుండా పోవచ్చు. నెలల తరబడి చేసిన ప్రాజెక్టు క్షణంలో నశించవచ్చు. కాబట్టి ఒక డిస్క్‌పై రాసే అధికారం ఒక సమయంలో ఒకరికే ఉండాలన్నది మొదటి సూత్రం. రెండవవారు డిస్క్‌ను స్వయంగా తాకరాదు. కావలసిన ఫైలును యజమానిని అడిగి తీసుకోవాలి.

అడిగి తీసుకొనే మార్గాలు

ఈ విధంగా అడగడం కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1972లో ప్రకటించిన వీఎం/370 వ్యవస్థలో ఒకే పెద్ద కంప్యూటర్ అనేక కల్పిత యంత్రాలుగా కనిపించేది. ఒక యంత్రం తన ఫైలును కల్పిత కార్డులపై రంధ్రాలుగా పొడిచి పంపితే, మరొక యంత్రం తన కల్పిత కార్డు రీడర్‌లో వాటిని అందుకొనేది. అక్కడ కార్డులూ లేవు, రంధ్రాలూ లేవు. ఉన్నది క్రమబద్ధమైన ఇచ్చిపుచ్చుకోవడం మాత్రమే.

నేడు వాడుకలో ఉన్న ప్రధాన మార్గాలు రెండు. మొదటిది నెట్‌వర్క్ మార్గం. ఆతిథేయి, అతిథి పక్కపక్క గదులలోని రెండు వేర్వేరు కంప్యూటర్‌లు అయినట్లే మాట్లాడుకొంటాయి. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992 ప్రాంతంలో ప్రారంభించిన సాంబా, విండోస్ పంచుకొనే భాషలోనే యూనిక్స్ తరహా యంత్రాలూ మాట్లాడేటట్లు చేసింది. ఫిన్లాండ్‌కు చెందిన టాటు యిలోనెన్ 1995లో రూపొందించిన ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఫైళ్లను రహస్య లిపిలో పంపవచ్చు.

క్యూఎమూలో సాధారణ అమరిక ప్రకారం అతిథికి ఆతిథేయి 10.0.2.2 అనే చిరునామాలో కనిపిస్తుంది. అతిథి బయటికి పిలవగలదు గాని, బయటివారు దానిని పిలవలేరు. అందుచేత ఆతిథేయి తన 2222వ పోర్టు వంటి ఒక ద్వారానికి వచ్చిన పిలుపును అతిథి యొక్క 22వ పోర్టుకు, అనగా ఎస్ఎస్‌హెచ్ వినే ద్వారానికి, మళ్లించవలసి ఉంటుంది.

రెండవది ఉమ్మడి ఫోల్డర్ మార్గం. ఆతిథేయి తన ఫోల్డర్‌లలో ఒకదానిని ఎంచి చూపుతుంది. అతిథి దానిని తన ఫోల్డర్‌ల వరుసలో చేర్చుకొంటుంది. దీనినే మౌంట్ చేయడం అంటారు. అతిథి కోరిన ప్రతిసారీ ఆతిథేయే ఫైలును తెరచి, చదివి, రాసి పెడుతుంది. యజమాని ఒక్కరే కనుక చిట్టా పాడుకాదు. క్యూఎమూలో ఇందుకు వాడే భాషలలో 9పీ ఒకటి. అది అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ప్లాన్ 9 అనే వ్యవస్థ కోసం పుట్టింది.

తెలుగు పేర్ల సంగతి

అదే ప్లాన్ 9 కోసం కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో యూటీఎఫ్-8 అనే లిపి సంకేత విధానాన్ని రూపొందించారు. నేడు మనం ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టగలగడానికి అది తోడ్పడుతున్నది. ఈ విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు అవసరం. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. ఎక్స్ట్4లో ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. అనగా 85 తెలుగు సంకేతాలు మాత్రమే. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్‌లోనైతే 255 సంకేతాలకు చోటుంది. అక్కడ చక్కగా ఇమిడిన దీర్ఘమైన తెలుగు పేరును లినక్స్ డిస్క్ తిరస్కరించడానికి ఇదే కారణం. ఫైలు లోపం కాదు. పేరు కుదిస్తే చాలు.

గుమ్మానికి గడియ

అనుమానాస్పదమైన ప్రోగ్రామ్‌లను అతిథిలో నడిపి చూడడం చాలామందికి అలవాటు. అక్కడ ఏమి జరిగినా అసలు యంత్రానికి హాని కలుగదని వారి ధైర్యం. కాని ఇంటి ఫోల్డర్ అంతటినీ రాసే అధికారంతో ఉమ్మడి చేసినవారికి ఆ ధైర్యం నిలువదు. అతిథిలోని హానికర ప్రోగ్రామ్ ఆ గుమ్మం గుండా వచ్చి ఆతిథేయి ఫైళ్లను చెరిపివేయగలదు. కాబట్టి పంచుకోవడానికి ప్రత్యేకంగా ఒక చిన్న ఫోల్డర్‌ను కేటాయించాలి. చదవడం చాలినచోట రాసే అధికారం ఇవ్వరాదు. విలువైన వాటికి మరొకచోట నకలు ఉంచుకోవాలి.

గోడ లేకపోతే అతిథిని వేరుగా ఉంచిన ప్రయోజనమే లేదు. గుమ్మం లేకపోతే అతిథితో పనే సాగదు. ఎంత తెరవాలో, ఎవరికి తెరవాలో ఎరిగి గుమ్మం పెట్టుకోవడమే విజ్ఞుల లక్షణం.

ప్రశ్నలు

1. అతిథి పనిచేస్తుండగా దాని డిస్క్ ఇమేజ్‌ను ఆతిథేయి నేరుగా మార్చితే కలిగే నష్టాన్ని గుమాస్తాల ఉదాహరణతో వివరించండి.
2. నెట్‌వర్క్ మార్గానికి, ఉమ్మడి ఫోల్డర్ మార్గానికి గల భేదమేమి?
3. మీ పూర్తి పేరును యూటీఎఫ్-8లో రాయడానికి ఎన్ని బైట్లు కావాలో లెక్కించండి.