చిన్న మట్టికట్ట - దాని కాపుదల

పడవ షికారుకు, చేపల వేటకు కొండవాగుకు అడ్డముగా మట్టికట్ట వేసి చిన్న చెరువును ఏర్పరచుట అనేక దేశములలో కలదు. వేడుకకు కట్టిన చెరువువలన అపాయమేమని తోచవచ్చును. కాని ఒక ఘనమీటరు నీటి బరువు ఒక టన్ను. చెరువు పంటకా, వినోదమునకా అన్న భేదము నీటికి లేదు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి సౌత్ ఫోర్క్ కట్ట మొదట పడవల కాలువకు నీరిచ్చుటకు నిర్మింపబడినది. తరువాత సంపన్నుల క్లబ్బు ఒకటి దానిని విహార సరస్సుగా మార్చినది. అడుగున ఉండవలసిన తూము గొట్టములను అంతకు ముందే తీసివేసియుండిరి. క్లబ్బువారు మరల అమర్చలేదు. బండ్లు పోవుటకు వీలుగా కట్ట ఎత్తును తగ్గించిరి. చేపలు పోకుండ అలుగుకు జల్లెడలు బిగించిరి. 1889 మే 31న కుంభవృష్టి కురిసినది. చెత్త జల్లెడలకు అడ్డుపడెను. నీరు కట్టపై పొర్లి గండి పడెను. దిగువనున్న జాన్స్‌టౌన్ పట్టణము నాశనమై 2,200 మందికి పైగా మరణించిరి.

మట్టికట్టపై నీరు పొర్లినచో వెలుపలి వాలు కోసుకొనిపోవును. కనుకనే అలుగును, అనగా మత్తడిని, కట్టకన్న తక్కువ ఎత్తున ఉంచుదురు. అది మూసికొనిపోయినచో కట్టకు రక్షణ లేదు.

రెండవ అపాయము లోపలినుండి వచ్చును. మట్టిగుండ కొంత నీరు ఊరుట సహజమే. ఊట తేటగా, మార్పులేక ఉన్నచో అంత భయము లేదు. బురదగా వచ్చినచో లోపలి మట్టి కొట్టుకొనివచ్చుచున్నదని అర్థము. ఆ ఖాళీ సొరంగమువలె చెరువు వైపు పెరుగుచుపోవును. చెట్లవేళ్లు, ఎలుకల బొరియలు దీనికి త్రోవ చేయును. అందుచే కట్టపై గడ్డినే పెంచవలెను. అయితే ముదిరిన చెట్లను వేళ్లతో పెరికినను కట్ట గుల్లయగును. ఇంజనీరు సలహా అవసరము.

మూడవది వాలు జారుట. జార్జియా రాష్ట్రములో టొకోవా వద్ద కెల్లీ బార్న్స్ కట్ట 1977 నవంబరు 6న తెల్లవారకముందే తెగి, దిగువ కళాశాల ఆవరణలో 39 మందిని బలిగొన్నది. దర్యాప్తు చేసినవారు కారణమొక్కటే అని తేల్చలేదు. కాని నిటారైన వెలుపలి వాలు 1973లోనే కొంత జారియుండుట ఒక ఛాయాచిత్రములో కనిపించినది.

కాపుదల కష్టమైన విద్య కాదు. ఊటనీటిని గాజుసీసాలో పట్టి రంగు చూడవలెను. నిమిషమునకు ఎంత వచ్చుచున్నదో కొలిచి, చెరువు మట్టముతోపాటు పుస్తకములో వ్రాయవలెను. మట్టము పెరగకనే ఊట పెరిగినను, నీరు మడ్డియైనను, కట్టపై పగులు కనిపించినను దిగువవారిని వెంటనే హెచ్చరించి, ఇంజనీరును పిలువవలెను. తూము తెరచి నీటిని తగ్గించుట ఆయన చెప్పినట్లు జరుగవలెను. మరీ వేగముగా దించినచో నీరు నానిన లోపలి వాలు జారవచ్చును.

కట్ట తెగుటకు కొన్ని గంటలే చాలును; తెగుటకు కారణములు మాత్రము తరచు ఏండ్ల తరబడి కంటిముందే ఉండును.