కాళ్ళు కట్టేసుకుని సైకిలెక్కవచ్చా?

కిందటి నెల మా ఆసుపత్రి ఓ.పి.కి ఓ బ్యాంకు ఉద్యోగి వచ్చారు. నలభై ఆరేళ్ళుంటాయి. మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలు దోక్కుపోయింది. "ఎక్కడ పడ్డారండీ?" అంటే కాసేపు సిగ్గుపడి, "తొక్కుతూ పడలేదండీ, ఆగాను. ఆగిన తరవాత పడ్డాను" అన్నారు. పక్కనున్న నర్సమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. మూడేళ్ళ కిందట నేనూ సరిగ్గా అలాగే పడ్డాను కనుక.

మా అబ్బాయి ఉద్యోగానికి విదేశం వెళుతూ తన రేసు సైకిలు ఇంట్లో వదిలి వెళ్ళాడు. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. షుగరు అంచుమీద ఉంది, బొజ్జ అంచు దాటింది. రోగులందరికీ వ్యాయామం చెయ్యమని చెప్పే నోటితో, నేనూ చెయ్యాలిగదా అనుకున్నాను. చిన్నప్పుడు గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కినవాణ్ణి. నాకు సైకిలు ఒకరు నేర్పాలా అన్న ధీమా! వాడి బూట్లు నాకు సరిపోయాయి. పెడల్ మీద కాలు పెట్టగానే 'టక్'మని అతుక్కుంది. కాలువగట్టు రోడ్డు మీద రెండు మైళ్ళు గాలిలో తేలినట్టు వెళ్ళాను. రైల్వే గేటు పడింది. బ్రేకు వేశాను. కాలు దించుదామంటే రాలేదు. నరికిన అరటిచెట్టులా పక్కకి ఒరిగిపోయాను. టీకొట్టు తాత పరుగెత్తుకొచ్చి, "కాళ్ళు కట్టేసుకుని సైకిలెక్కటమేంటండీ బాబూ!" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం.

ఈ పెడల్స్ ఏమిటి?

వీటిని 'క్లిప్‌లెస్' పెడల్స్ అంటారు. కాలిని పట్టి ఉంచేదానికి క్లిప్ లేదనటమేమిటని మీకు అనుమానం రావచ్చు. పూర్వం పందెపు సైకిళ్ళకు కాలివేళ్ళను పట్టి ఉంచే ఇనుప చట్రం, దానికో తోలు పట్టీ ఉండేవి. ఆ చట్రానికే క్లిప్ అని పేరు. అది పోయి, బూటు అడుగున బిగించిన 'క్లీటు' అనే చిన్న బిళ్ళ పెడల్‌లోని స్ప్రింగులో ఇరుక్కునే పద్ధతి వచ్చింది. మంచుమీద జారే స్కీ బూట్ల బిగింపును చూసి ఫ్రాన్సులోని లుక్ కంపెనీ 1984లో ఇటువంటి పెడల్స్ తెచ్చింది. 1985లో బెర్నార్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలవటంతో పందెగాళ్ళందరూ అటు మళ్ళారు.

ఇందులో లాభం, పాదం ఒకే చోట నిలకడగా ఉండటం. వానలోనూ, గతుకుల్లోనూ జారదు. కాలిని పైకి లాగి రెట్టింపు బలం తెచ్చుకోవచ్చన్న మాట మాత్రం నమ్మకండి. బలమంతా ప్రధానంగా కిందికి తొక్కటంలోనే ఉంది. అంచేత ఆరోగ్యం కోసం రోజూ అరగంట తొక్కేవారికి మామూలు పెడల్సే చాలు. ఇవి లేకపోతే వ్యాయామం కాదనుకోనక్కరలేదు.

ఎవరికి వద్దు?

ఎముకలు గుల్లబారినవారూ, రక్తం పలచబడే మందులు వాడేవారూ, కళ్ళు తిరిగే జబ్బున్నవారూ వీటి జోలికి పోకపోవటం మంచిది. షుగరు వల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గినవారికి ఆ గట్టి బూట్లు అసలు పనికిరావు. బొబ్బ లేచినా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరు బాగా తగ్గించే మాత్రలు వేసుకునేవారు ఏ సైకిలు తొక్కినా జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి. నలభై దాటి, బి.పి.గానీ, షుగరుగానీ, గుండెజబ్బుగానీ ఉన్నవారు ముందు తమ డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టాలి.

నేర్చుకునే పద్ధతి

ఇందులో అసలు చిక్కు కాళ్ళది కాదు, అలవాటుది. ఆగేటప్పుడు కాలు పైకెత్తి పక్కకి దించటం చిన్నప్పటినుంచీ ఒంటికి పట్టిన విద్య. ఈ పెడల్ పైకెత్తితే వదలదు. మడమను బయటివైపుకు తిప్పితేనే వదులుతుంది. సిగరెట్టు పీకను చెప్పుతో నలుపుతారు చూడండి, అలా. (ఆ అలవాటు లేనివారు బొద్దింకను నలిపినట్టు అనుకోండి. అలవాటు ఉన్నవారు ముందు అది మానండి!) కంగారులో ఒళ్ళు పాత విద్యనే గుర్తు చేసుకుంటుంది. కనుక కంగారు రాకముందే కొత్త విద్య ఒంటికి పట్టాలి.

మొదట పెడల్‌కున్న మర ఆఖరుదాకా వదులు చేయించండి. అప్పుడు కాలు తేలిగ్గా వస్తుంది. రేసు బూట్లకు మూడు మరల పెద్ద క్లీటు ఉంటుంది. కొత్తవారికి రెండు మరల చిన్న క్లీటు నయం. అది చాలా బూట్లలో అడుగులోకి ఒదిగి ఉంటుంది గనుక నడవటానికీ వీలు. పెద్ద క్లీటు బూట్లతో గ్రానైటు గచ్చుమీద నడిస్తే, రోడ్డుమీద పడనివారు ఇంట్లో పడతారు.

మొదటి రెండు రోజులూ సైకిలు కదపవద్దు. గోడ పక్కన నిలబెట్టి, గోడ పట్టుకుని, ఒక్కొక్క కాలినీ ముప్ఫయిసార్లు పెట్టి తియ్యండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు తీస్తే సులువు. తరవాత గడ్డి ఉన్న మైదానంలో ఒక కాలు మాత్రం తగిలించి తిరగండి. అది బాగా వచ్చాకే రెండోది. రోడ్డుకు వెళ్ళటానికి కనీసం రెండు వారాలు ఆగండి. హైదరాబాదువారికి అవుటర్ రింగురోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన ఇరవై మూడు కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. మన ఊళ్ళలో తెల్లవారుజామున హైస్కూలు మైదానం చాలు.

ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: ముందు కాలు, తరవాత బ్రేకు. గేటో, ఎద్దో, ఆటోనో దూరాన కనబడగానే ఎడమకాలు విడిపించుకోవాలి. మనం రోడ్డుకు ఎడమవైపున పోతాం గనుక ఆ కాలు ఆనటానికి గట్టు దొరుకుతుంది, లారీల వైపు ఒరగం. ఆగేటప్పుడు ఒంటిని ఎడమవైపుకే వాల్చాలి. ఎడమకాలు విడిపించి కుడివైపుకు వాలినవారు కూడా నా దగ్గరికి వచ్చారు!

మోకాళ్ళ సంగతి

పాదం ఒకే చోట బిగిసి ఉండటం లాభమన్నాను. బిగింపు వంకరగా ఉంటే అదే నష్టం. గంటలో కొన్ని వేలసార్లు మోకాలు అదే వంకరలో వంగుతుంది. బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా ఉండే భాగం పెడల్ ఇరుసుకు ఇంచుమించు మీదుగా రావాలి. నడిచేటప్పుడు మీ పాదాలు ఎలా పడతాయో, క్లీటు అలాగే బిగించాలి. మడమ కొంచెం అటూఇటూ ఆడనిచ్చే రకం కొనండి. లుక్ కంపెనీ ఎర్ర క్లీటు తొమ్మిది డిగ్రీలు, షిమానో పసుపు క్లీటు ఆరు డిగ్రీలు ఆడనిస్తాయి. బొత్తిగా కదలనివ్వనివి పందెగాళ్ళకు వదిలెయ్యండి.

సీటు ఎత్తుకు ఒక తేలిక లెక్క ఉంది. మడమను పెడల్‌మీద ఆనించి కిందిదాకా తొక్కితే మోకాలు నిటారుగా రావాలి, నడుము పక్కకి జారకూడదు. సీటు పల్లమైతే మోకాలిచిప్ప దగ్గర, మరీ ఎత్తయితే మోకాలి వెనక నొప్పి వస్తుంది. నొప్పికి మాత్ర మింగేముందు సీటు చూసుకోండి.

పడితే ఏం చెయ్యాలి?

హెల్మెట్ లేకుండా ఎక్కవద్దు. ఒరిగిపోతున్నప్పుడు చెయ్యి చాపకండి. హ్యాండిలు పట్టుకునే ఉండి భుజం, పిరుదులమీదుగా పడటం మేలు. చెక్కుకుపోయినచోట సబ్బునీళ్ళతో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి చూసుకోవాలి. తలకు దెబ్బ తగిలి వాంతులుగానీ, మత్తుగానీ, కాసేపు స్పృహ తప్పటంగానీ ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇక నా తప్పు చెబుతాను. గేటు దగ్గర నేను చెయ్యి చాపే పడ్డాను. మణికట్టు నొప్పి. ఎక్స్‌రే తీయించాను; ఏమీ కనబడలేదు. బెణికిందిలే అని గుడ్డ చుట్టుకుని ఓ.పి. చూశాను. పదకొండో రోజున, నేను ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకోవటం చూసి మా ఎముకల డాక్టరు నా కుడిచెయ్యి లాక్కున్నాడు. బొటనవేలు ఎత్తితే దాని మొదట రెండు నరాల మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కేసరికి ప్రాణం లేచిపోయింది. మళ్ళీ ఎక్స్‌రే తీస్తే గీత కనబడింది. స్కాఫాయిడ్ అనే జీడిపప్పంత ఎముక విరిగింది. దానికి రక్తం ఒక కొసనుంచే ఎక్కువగా వస్తుంది. విరిగితే రెండో ముక్కకు అందక అది చచ్చిపోవచ్చు. అప్పుడు మణికట్టు జన్మంతా నొప్పే. మొదటి ఎక్స్‌రేలో ఇది కనబడకపోవటం మామూలేనని విద్యార్థులకు చెప్పిన మనిషిని నేను! రోగి పల్స్ చూసే చెయ్యి, కుట్లు వేసే చెయ్యి.

అంచేత ఆ గుంటలో నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్నా చేతికి కట్టు వేయించుకుని, పది పధ్నాలుగు రోజులకు మళ్ళీ తీయించుకోవాలి. నూనె మర్దనాలూ, నాటుకట్లూ వద్దు.

ఎనిమిది వారాలు పిండికట్టుతో ఉన్నాను. అదృష్టం, ఎముక అతికింది. సైకిలు అమ్మేద్దామంటే మా ఆవిడే వద్దంది. "నేర్చుకుని ఎక్కండి, ఎక్కి నేర్చుకోకండి" అంది. ఆ తరవాత పెరట్లో గోడ పట్టుకుని, చిన్నపిల్లాడిలా మొదటినుంచి మొదలుపెట్టాను. షుగరు మందు అవసరం ఇంతవరకు రాలేదు. అది సైకిలు చలవో, రాత్రిపూట అన్నం తగ్గించిన చలవో తేల్చి చెప్పలేను.

ఇప్పటికీ గేటు పడుతుంది. వందగజాల దూరానే నా ఎడమకాలు విడుదలవుతుంది. టీకొట్టు తాత మాత్రం గ్లాసు పక్కన పెట్టి, పట్టుకోటానికి సిద్ధంగా లేచి నిలబడుతూనే ఉన్నాడు.