అవధాన లోప–అతిచలనశీలతా రుగ్మత (ఏడీహెచ్‌డీ): నిర్ధారణ, దీర్ఘకాలిక గమనం

1. నిర్ధారణ

"ఒకచోట కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు" అనే ఫిర్యాదు ఏ బడిలోనైనా వినిపిస్తుంది. ఇది అల్లరా, రుగ్మతా అని తేల్చగల రక్తపరీక్షగాని, మెదడు స్కానింగ్‌గాని లేదు. నిపుణులు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను విచారించి, ప్రవర్తనా మాపనుల సహాయంతో నిర్ణయానికి వస్తారు.

అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో ప్రచురించిన డీఎస్‌ఎం-5 అవధాన లోపానికి 9, అతిచలనశీలత–ఆవేగశీలతకు 9 లక్షణాలను పేర్కొంది. దాని ప్రకారం:

(అ) ఏదో ఒక వర్గంలో కనీసం 6 లక్షణాలు, వయసుకు తగని స్థాయిలో, 6 నెలలపాటు ఉండాలి. 17 ఏళ్లు, ఆపై వయసువారికి 5 చాలు.
(ఆ) కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి.
(ఇ) ఇల్లు, బడి వంటి రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల కనిపించాలి.
(ఈ) చదువుకు, పనికి లేదా సంబంధాలకు ఆటంకం కలిగించాలి.
(ఉ) మరో రుగ్మత వీటికి మెరుగైన వివరణ కాకూడదు.

ఈ నియమాలు ఎందుకో గమనించండి. బడిలో మాత్రమే ఇబ్బంది పడే పిల్లవాడికి వినికిడి లోపమో, అభ్యసన వైకల్యమో ఉండవచ్చు. 15వ ఏట హఠాత్తుగా ఏకాగ్రత తగ్గితే ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి వంటివాటిని ముందు పరిశీలించాలి. మరోవైపు, అల్లరి చేయకుండా పరధ్యానంగా కూర్చునే పిల్లలను, ముఖ్యంగా బాలికలను, ఎవరూ గుర్తించకపోవచ్చు.

2. దీర్ఘకాలిక గమనం

"పెద్దయితే అదే పోతుంది" అనే నమ్మకం సగమే నిజం. వయసుతోపాటు పరుగులు, గెంతులు తగ్గుతాయి. పెద్దలలో అవి లోలోపలి అస్థిమితంగా మారవచ్చు. మరపు, పనులు వాయిదా వేయడం, సమయపాలన లోపం మాత్రం తరచుగా మిగులుతాయి.

ఎందరిలో మిగులుతుందనేది నిర్వచనాన్ని బట్టి మారుతుంది. 2006లో ఫరవోన్, ఆయన సహచరులు పూర్వ అధ్యయనాలను సమీక్షించారు. 25 ఏళ్ల వయసులో పూర్తి ప్రమాణాలకు సరితూగినవారు సుమారు 15 శాతమే. పాక్షికంగా తగ్గినవారినీ కలుపుకుంటే సుమారు 65 శాతం. అంటే ప్రమాణాలకు అందనంత మాత్రాన ఇబ్బంది తీరిందని అర్థం కాదు. పెద్దలకు 5 లక్షణాలు చాలనడంలోని ఆంతర్యం ఇదే.

చికిత్స అందకపోతే చదువు మధ్యలో ఆగిపోవడం, ప్రమాదాలు, మాదకద్రవ్యాల వాడకం వంటి ముప్పులు పెరుగుతాయి. మందులు, తల్లిదండ్రులకు శిక్షణ, తరగతిలో చిన్న మార్పులు ఇబ్బందిని తగ్గిస్తాయి. "సోమరి", "మొద్దు" అనే ముద్ర పడకముందే గుర్తించడం అన్నిటికన్నా ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
ఒక విద్యార్థి బడిలో అస్థిమితంగా, ఇంట్లో నిలకడగా ఉంటాడు. ఏడీహెచ్‌డీ అని నిర్ధారించే ముందు ఏయే సమాచారం సేకరించాలి?